ఛైర్మన్ గారి పాఠం

నిరేయామా పట్టణ సభలో సభ్యులు పదిమంది. పదిమందికీ కలిపి మాట ఒక్కటే, "అభ్యంతరం లేదు." ఛైర్మన్ మురాకోషి గారు కళ్లద్దాలు సవరించుకుని, "ఈ అంశాన్ని ఆమోదించడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడుగుతారు. పది గొంతులూ ఒక్కసారిగా లేదంటాయి. తర్వాతి అంశం మొదలవుతుంది. సభ గుమాస్తా చిహారు పద్నాలుగేళ్లుగా ఆ హాల్లో ఓ మూల చిన్న బల్ల ముందు కూర్చుని ఆ మాట రాస్తోంది. నిజం చెప్పాలంటే రాయడం కూడా లేదు. సభకు రెండు రోజుల ముందే టైపు చేసి పెట్టేస్తుంది.

ఆ కాగితాల్ని ఆఫీసులో పాఠం అంటారు. ఛైర్మన్ లేచింది మొదలు కూర్చునేదాకా అనవలసిన ప్రతి మాటా అందులో పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎక్కడ దగ్గాలో ఒక్కటే రాయలేదు పాపం అని జోకు. సభ్యుల మాట కూడా ముందే ఉంటుంది, బ్రాకెట్లలో: (అభ్యంతరం లేదు అని కేకలు). ఒకసారి మురాకోషి గారు ధాటిలో ఆ బ్రాకెట్లోదీ చదివేశారు. ఎవరూ నవ్వలేదు. పెద్దవాళ్లు కదా, మర్యాదకు ఊరుకున్నారనుకుంది చిహారు అప్పట్లో.

డిసెంబరు సభ శుక్రవారం. ఆఫీసులో ఆమె పైఅధికారి నడుము ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. అందుకని మంగళవారం నాడు సభలోని రోడ్ల కమిటీ సభ్యుల్ని నారసావాకు స్థలం చూపించడానికి తీసుకెళ్లే పని కూడా ఆమె మీదే పడింది.

నారసావా అంటే వాగు అవతల కొండవార ఐదిళ్లు. అక్కడికి పోయే రోడ్డును పట్టణ రోడ్ల జాబితాలోంచి తీసేయాలన్నది నలభై ఏడో అంశం. జాబితాలోంచి తీసేశారంటే ఇక ఆ రోడ్డు ఎవరిదీ కాదు. గుంటలు పూడ్చరు, వంతెన చూడరు, చలికాలం మంచు తీసే బండి పోదు.

మినీబస్సు వంతెన ఇవతలే ఆగింది. పదకొండున్నరకు నూడుల్స్ కొట్లో భోజనాలు చెప్పి ఉన్నాయి, వాచీలో పదకొండుకు పది నిమిషాలుంది. సభ్యులు ఐదుగురూ సీట్లలోంచి లేవలేదు. ఒకాయన మాత్రం కోటు చేత్తో కిటికీ మీది ఆవిరి తుడిచి, "అదేనా?" అన్నాడు.

"అదేనండి," అన్నాడు రోడ్ల విభాగం అధికారి సెగావా. చుట్టిన కాగితాలతో అవతలి ఒడ్డును చూపించాడు. "ఐదిళ్లు. ఐదిళ్ల సమ్మతీ ఉంది."

"ఐదిళ్లదీనా?"

"ఐదిళ్లదీనండి. ముద్రలతో సహా." అక్కడ సంతకం బదులు ఇంటిపేరు చెక్కిన ముద్రే కొడతారు.

"ముద్రలుంటే ఇంకేం. పదండి, నూడుల్స్ చల్లారిపోతాయి."

బస్సు వెనక్కి తిరగడానికి ముందుకూ వెనక్కీ ఊగుతుండగా చిహారు చూసింది. చిట్టచివరి ఇంటి చూరు కింద అడ్డంగా కట్టిన రెండు వెదురు గడల నిండా ముల్లంగి దుంపలు వేలాడుతున్నాయి. తెల్లగా ఉన్నాయి. వాటిని ఆరగట్టి వారం కూడా అయి ఉండదు.

"సెగావా గారూ, ఆ ఇంట్లో ఎవరో ఉన్నట్టున్నారండీ," అంది మెల్లగా.

సెగావా అటు చూడలేదు. "శనాదివారాలు వచ్చి తోటపని చేసుకుపోతుంటారు లెండి," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆఫీసులో ఎవరింట చావు జరిగినా ముందుగా వెళ్లి వాకిట్లో వచ్చినవాళ్ల చెప్పులు సర్దేది అతనే. కాగితం సరిగ్గా ఉంటే లోకం సరిగ్గా ఉన్నట్టేనని నమ్మే రకం.

కమిటీ నిర్ణయం నూడుల్స్ రాకముందే అయిపోయింది. "పాస్ చేయొచ్చు," అన్నాడు కమిటీ పెద్ద చేతులు తుడుచుకుంటూ. చిహారు నోటుపుస్తకంలో ఆ రెండు మాటలూ రాసుకుంది. ఎదురుగా గిన్నె పెట్టారు గానీ ఆ ముల్లంగి దుంపలే కళ్లముందు ఆడుతుంటే ఆమెకు సహించలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి తన కారులో నారసావా వెళ్లింది. వంతెన దాటింది. నాలుగిళ్లకు తలుపులు బిగించి అడ్డచెక్కలు కొట్టి ఉన్నాయి. ఐదో ఇంటి ముందు ఒక ముసలావిడ బోర్లించిన తొట్టి మీద కూర్చుని, ఎండిన ముల్లంగి దుంపను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా వంచుతోంది.

"ఎవరమ్మా? ఆరోగ్య పరీక్షలవాళ్లా?"

"కాదవ్వా. పట్టణ సభ ఆఫీసు నుంచి వచ్చాను."

"అమ్మో, సభ నుంచే! నేనేం తప్పు చేశాను తల్లీ?" అంటూనే ముసలావిడ నవ్వేసింది. "రా, వచ్చినదానివి ఆ తవుడు బేసిను ఇటు జరుపు. నా నడుము వంగింది గానీ ఈ దుంప వంగనంటోంది. ఇదిగో చూడు, గాజులా తిరిగి రెండు కొసలూ కలవాలి. అప్పుడే తొట్టిలోకి. లేకపోతే కుళ్లి చస్తుంది."

పేరు ఇషిగురో కినూ. ఎనభై నాలుగేళ్లు. మొగుడు పోయి పంతొమ్మిదేళ్లు. చిహారు ఏమీ అడక్కముందే ఇవన్నీ చెప్పేసింది, చెబుతూనే పక్కనున్న ఇంకో తొట్టి అడుగున తవుడు, ఉప్పు చల్లి, దుంపల్ని సందు లేకుండా పేర్చింది. ఒక వరస అయ్యాక అరచేత్తో నొక్కింది. మళ్లీ తవుడు, మళ్లీ ఉప్పు. చిహారు చేతికి కూడా ఒక దుంప ఇచ్చి, "పట్టుకో, ఊరికే కూర్చుంటే చలి," అంది.

"ఇక్కడ మీరొక్కరేనా అవ్వా?"

"నేనూ, ఓ పిల్లీ. చలికాలంలో మంచుబండి ఆయన. వంతెన దగ్గరికి రాగానే రెండుసార్లు హారన్ కొడతాడు. బతికే ఉన్నానని నేను ఆ ఎర్రగుడ్డ కట్టిన గడ ఊపుతాను. ఆయనకు ఈ ఊరగాయంటే ప్రాణం," అని తొట్టి మీద తట్టింది. "పోయినేడు బండి పాడై నాలుగు రోజులు రాలేదు. గుండె మాత్రలు అయిపోయాయి. మూడో రోజుకి పిల్లికి వీలునామా చెప్పేశాను."

చిహారుకి నవ్వు రాలేదు. నలభై ఏడో అంశం గురించి చెప్పింది. రోడ్డు తీసేస్తున్నారనీ, ఐదిళ్లవాళ్లూ సమ్మతించినట్టు ముద్రలు ఉన్నాయనీ, అందులో ఇషిగురో అన్న ముద్ర కూడా ఉందనీ.

"నా ముద్రా? నేనెప్పుడు కొట్టాను?" ముసలావిడ ఆలోచించింది. "అది తోచిమోతో దగ్గరుంటుంది తల్లీ. మా వాడ పెద్ద. ప్రతి చీటీకీ కింద పట్నం నుంచి ఎక్కి రాలేకపోతున్నాను, ముద్ర నా దగ్గర ఉంచమ్మా అన్నాడు. ఇచ్చాను. పదేళ్లయింది. ఎలకల మందు చీటీ, చెత్త బండి చీటీ... ఇలాంటివాటికి కదా."

"ఈసారి ఇలాంటిది కాదవ్వా."

కినూ అవ్వ చేతిలో దుంప అలాగే ఉండిపోయింది. "అందరూ సరేనన్నాక నేనొక్కదాన్నీ కాదనడం బాగుండదులే," అంది. "ఒక్క ముసలిదాని కోసం అంత బండి రావడం కూడా ఏం బాగుంటుంది." తవుడు చల్లింది. ఉప్పు చల్లబోయి ఆగింది. "మరి మంచుబండాయన వస్తాడు కదా?"

చిహారు చేతిలోని దుంపను తవుడు బేసిను పక్కన పెట్టేసింది.

"రాడన్నమాట." ముసలావిడ తొట్టిలోకి చూసింది. సగం దాకా నిండి ఉంది. "ఇది ఫిబ్రవరికి గాని ఊరదు," అంది. "అయితే నేనిది ఎవరికి పెడుతున్నట్టు?"

గుప్పిట్లో ఉప్పు వేళ్ల సందుల్లోంచి ఒళ్లోకి రాలిపోతున్నా ఆవిడ చూసుకోలేదు. చిహారు ఆ ఉప్పు దులపాలని చెయ్యి చాచి, దులపలేక, మళ్లీ వస్తానని మాత్రం చెప్పి లేచింది.

గురువారం పొద్దున్నే తోచిమోతో ఇంటికి వెళ్లింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, నారసావాకే కాదు, చిహారు ఉండే వీధికీ అతనే వాడ పెద్ద. దుప్పటి కప్పి లోపల వేడి పెట్టిన పొట్టి బల్ల కింద కాళ్లు పెట్టుకుని కమలాపళ్లు ఒలుచుకుంటున్నాడు. సంగతి విని ఏమాత్రం తొణకలేదు. అరలోంచి బిస్కెట్ల డబ్బా తీసి ఆమె ముందు మూత తెరిచాడు.

లోపల ముద్రలు. వేలెడంత కర్ర ముద్రలు, ప్లాస్టిక్ ముద్రలు, ఒకటి రెండు దంతపువి. ముప్ఫైకి పైనే ఉంటాయి. ఒక్కోదానికి పేరు రాసిన చీటీ రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. అతని పోస్టాఫీసు బుద్ధి అందులో తెలుస్తోంది.

"దొంగతనం కాదమ్మాయ్. ఒక్కోటీ వాళ్లు చేతికిచ్చిందే. ఇల్లిల్లూ తిరగలేక నా మోకాళ్లు పోయాయి. నేను కొట్టేస్తాను, అందరికీ సుఖం."

"ఇందులో చనిపోయినవాళ్లవి కూడా ఉన్నాయండీ."

"వాళ్ల పిల్లలు వచ్చి తీసుకోలేదు. నేనేం చెయ్యను?"

"నారసావా కాగితం మీద కినూ అవ్వ ముద్ర కొట్టేముందు ఆవిడని అడగలేదా?"

తోచిమోతో కమలా తొన మీది పీచు తీస్తూ ఉండిపోయాడు. "నలుగురూ కిందికి వచ్చేశారు కదా. ఆవిడ కూడా ఇవాళో రేపో వస్తుందనుకున్నాను. సెగావా వచ్చి నాలుగున్నాయి, ఐదోది కూడా ఉంటే పని అయిపోతుందన్నాడు. చేతిలోనే ఉంది, కొట్టేశాను." అప్పుడు తలెత్తి, ఆమెను ఊరడించడానికన్నట్టు, "అంతెందుకు, నీదీ ఉంది," అన్నాడు.

"నాదా?"

డబ్బాలో వేళ్లతో కలియబెట్టి ఒక ముద్ర తీశాడు. చీటీ మీద కొమగాత అని ఉంది. ఆమె ఇంటిపేరే. "పన్నెండేళ్ల కిందట మీ అమ్మ ఇచ్చింది. పిల్ల ఆఫీసుకి పోతుంది, పగలు ఇంట్లో ఎవరూ ఉండరంది."

చిహారు చీటీ మీది పేరు మళ్లీ చదువుకుంది. పన్నెండేళ్లు. వాగు ఒడ్డున చిన్నబడి మూసినప్పుడు వాడ మొత్తం సమ్మతించిందని కాగితం వచ్చింది. అది సభలో పెట్టినప్పుడు పాఠం టైపు చేసింది తనే. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరు ఒప్పుకున్నారో గానీ అన్యాయం చేశారని అమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. ఆ ఒప్పుకున్నవాళ్లలో తనూ ఉంది.

"నాదీ, కినూ అవ్వదీ ఇచ్చేయండి," అంది.

"తీసుకో తల్లీ, నాకేం? బరువు తగ్గుతుంది," అన్నాడు తోచిమోతో. వాకిట్లోకి వచ్చేటప్పుడు నాలుగు కమలాపళ్లు కూడా సంచిలో వేశాడు.

ఆఫీసుకొచ్చి సెగావా దగ్గరికి వెళ్లింది. అతను అంతా విన్నాడు. ముఖం కొంచెం తెల్లబడింది, కానీ చేతులు బల్ల మీది కాగితాల అంచులు సరిచేస్తూనే ఉన్నాయి.

"ముద్ర నకిలీ కాదు కదా?"

"కాదు. కొట్టింది ఆవిడ కాదు."

"కాగితం మీద కొట్టినవాళ్ల చెయ్యి కనపడదు చిహారు గారూ. అంశాలు అచ్చయి అందరికీ చేరిపోయాయి. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే కమిటీ పెద్ద పరువేం కావాలి? చూడకుండానే పాస్ చేశాడని అవదూ?"

"చూడకుండానే చేశారు కదండీ."

సెగావా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీరు సభ గుమాస్తా. మీ మంచికే చెబుతున్నాను. ఆ హాల్లో నోరు లేనిది మీ ఒక్కరికే."

అది నిజమే. సభలో సభ్యుడు మాట్లాడవచ్చు, అధికారి జవాబివ్వవచ్చు. గుమాస్తా రాయాలి.

సాయంత్రం నాలుగింటికి మురాకోషి గారు పాఠం ఒకసారి చదువుకోవడానికి వచ్చారు. డెబ్భై ఆరేళ్ల మనిషి, ఇప్పుడు కూడా పొద్దున్నే పాలబండి తనే నడుపుతారు. ఆమె ఆయనకు కూడా చెప్పింది, ముద్రల దగ్గర్నుంచి ఉప్పు దాకా. ఆయన జాలిగా తలూపారు.

"పాపం," అన్నారు. "నాకు తెలుసు ఆ కినూ. మా ఆవిడకి కుట్టుపని నేర్పింది. పాపం, పాపం." కళ్లద్దాలు సవరించుకున్నారు. "అయితే ఇది పాఠంలో ఉందామ్మా?"

"లేదండీ."

"లేనిది నేనెలా అంటాను? ఇన్నేళ్లలో ఒక్క ముక్క సొంతంగా అన్నానా? నువ్వు రాసింది చదువుతాను, అంతే. నువ్వేం రాస్తే అది చదువుతాను."

ఎంతో అమాయకంగా అన్నారా మాట. చిహారు ఆయన్ని మెట్ల దాకా సాగనంపింది. మెట్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆమె ఏడో పేజీ తీసేసి కొత్త ఏడో పేజీ పెట్టింది. అక్షరాలు అదే సైజు. వరసల మధ్య ఎడం అదే. బ్రాకెట్లు ఉన్నచోటే ఉన్నాయి. రెండుసార్లు తప్పు కొట్టింది, పద్నాలుగేళ్లలో ఎప్పుడూ కొట్టనట్టు. గోలవుతుందనీ, ఛైర్మన్ గారు తడబడతారనీ, ఎవరో ఒకరు లేచి ఇదేమిటంటారనీ ఆమెకు తెలుసు. అననీ. అన్నప్పుడు కారణం అడుగుతారు. అడిగితే గుమాస్తాకైనా జవాబు చెప్పే వీలు దొరుకుతుంది. ఉద్యోగం మాట తర్వాత. ముద్రలు రెండూ స్వెటర్ జేబులో వేసుకుంది.

పది గంటలకు సభ మొదలైంది. వేడి యంత్రం గుర్రుమంటోంది. చూడవచ్చేవాళ్ల కోసం వేసిన మూడు మడతకుర్చీలూ ఖాళీ. బాలబడి భోజనాల అంశం, శ్మశానం రుసుము అంశం, అగ్నిమాపక దళం చొక్కాల అంశం. అభ్యంతరం లేదు, అభ్యంతరం లేదు, అభ్యంతరం లేదు. సెగావా అధికారుల వరసలో రెండో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"నలభై ఏడో అంశం, నారసావా రోడ్డు తీసివేత," అన్నారు మురాకోషి గారు. కమిటీ పెద్ద లేచి తన కాగితం చదివాడు. స్థలం స్వయంగా పరిశీలించామనీ, ఏకగ్రీవంగా పాస్ చేయవచ్చని తేల్చామనీ చెప్పి, నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

మురాకోషి గారు వేలు తడి చేసుకుని ఏడో పేజీ తిప్పారు. చిహారు పెన్ను మూత తీసింది.

"ఆ రోడ్డు చివర ఇషిగురో కినూ గారు కాపురం ఉంటున్నందునా," ఆయన గొంతు ఎప్పటిలాగే సాగదీస్తూ, ఎక్కడా తొట్రుపడకుండా పోతోంది, "సమ్మతి పత్రం మీది ముద్రను ఆవిడ స్వయంగా వేయనందునా, ఈ అంశాన్ని ఇవాళ ఆమోదించకుండా, ఆవిడతో ముఖాముఖి మాట్లాడే నిమిత్తం తిరిగి కమిటీకే పంపుతున్నాము. మార్చి సభ దాకా మంచు తీసే పని ఎప్పటిలాగే జరుగుతుంది. ఇందుకు ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

"అభ్యంతరం లేదు!"

పది గొంతులూ. అదే రాగం, అదే జోరు. అందరికంటే గట్టిగా అన్నది ఇప్పుడే పాస్ చేయమని చదివి కూర్చున్న కమిటీ పెద్ద.

"అభ్యంతరం లేదని భావిస్తూ, అలాగే నిర్ణయించడమైనది. నలభై ఎనిమిదో అంశం."

ఎవరూ తల తిప్పలేదు. ఒకాయన చెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకుంటున్నాడు. అధికారుల వరసలోని మేయరు తరువాతి పేజీ తీశాడు. సెగావా మోకాళ్ల మీద చేతులు అలాగే పెట్టుకుని, అలాగే నిటారుగా ఉన్నాడు.

సంతోషించాలి కదా. చిహారుకి ఒళ్లు జలదరించింది. ఎవరైనా లేచి అరిచి ఉంటే బాగుండేది. నారసావా బదులు ఇంకో పేరు రాసి ఉంటే? రోడ్డు బదులు ఆసుపత్రి అని రాసి ఉంటే? ఈ పట్టణమే రేపటినుంచి లేదని రాసి ఉంటే? ఆయన చదివేవారు. వీళ్లు లేదనేవాళ్లు. ఛైర్మన్ గారు బ్రాకెట్లోది చదివినప్పుడు ఎవరూ ఎందుకు నవ్వలేదో ఆమెకు ఇన్నేళ్లకు తెలిసింది.

సభ ముగిశాక మురాకోషి గారు పాఠాన్ని ఆమె బల్ల మీద పెట్టి, "ఇరవై రెండు నిమిషాలు. పోయినసారి కంటే రెండు తక్కువ," అని సంబరంగా వెళ్లిపోయారు.

ఆమె మధ్యాహ్నమంతా ఫోను వంక చూస్తూ కూర్చుంది. మోగలేదు. మూడింటికి సెగావా వచ్చాడు, చేతిలో ఫైలుతో.

"నలభై ఏడు పాసయింది కదా. మంచుబండి కాంట్రాక్టరుకి ఉత్తరం పెట్టేస్తున్నాను, నారసావా వద్దని. సభ నిర్ణయం నకలు ఒకటి ఇవ్వండి." కాస్త ఆగాడు. "ఆ ముసలావిడ సంగతి నాకూ కష్టంగానే ఉంది. కానీ సభ తేల్చేసింది. మనం ఏం చెయ్యగలం చెప్పండి?"

చిహారు అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు.

"కూర్చోండి," అని బల్ల సొరుగులోంచి సభ రికార్డరు తీసింది. వెనక్కి తిప్పి మీట నొక్కింది. వేడి యంత్రం గుర్రు వినిపించింది. దాని మీద మురాకోషి గారి గొంతు, సాగదీస్తూ. ఇషిగురో కినూ గారు కాపురం ఉంటున్నందునా.

సెగావా ముందు భృకుటి ముడిచాడు. తర్వాత నోరు కొద్దిగా తెరిచాడు. పది గొంతులు లేదన్నప్పుడు అతని భుజాలు ఉలిక్కిపడ్డాయి.

"ఇదెప్పుడు?"

"ఇవాళే. పదీ పన్నెండుకు."

"నేను అక్కడే ఉన్నానే!" ఫైలు అతని ఒళ్లోంచి జారింది. తీసుకోలేదు. "రెండో కుర్చీ. నేను నిద్ర కూడా పోలేదే... ఎవరు రాశారిది?"

"నేను." జేబులోంచి కర్ర ముద్ర తీసి అతని ముందు పెట్టింది. చీటీ మీద తోచిమోతో అక్షరాలు: ఇషిగురో కినూ, నారసావా. "ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి. అయిదు దాటాక నేనిది ఆవిడకి ఇచ్చేసి వస్తాను."

అతను ముద్రను ముట్టుకోలేదు. రికార్డరు వంకే చూస్తున్నాడు, అందులోంచి ఇంకేదో పాకి బయటికి వస్తుందన్నట్టు.

"నేను అక్కడే ఉన్నాను," అన్నాడు మళ్లీ.

"నేనూ పద్నాలుగేళ్లు అక్కడే ఉన్నానండీ," అంది చిహారు.

బయట మంచు పడటం మొదలైంది. సెగావా ఇంకోసారి పెట్టమన్నాడు. ఆమె వెనక్కి తిప్పి మళ్లీ మీట నొక్కింది.